వాళ్లు రెండో ఇంటికి పన్ను పెంచారు, మనం మినహాయింపు ఇచ్చాం

బ్రిటన్‌కు చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు మొదటి నెలలోనే నేర్చుకునే మాటల్లో ‘కౌన్సిల్ ట్యాక్స్’ ఒకటి. ఇంట్లో ఉన్నవాళ్లంతా పూర్తికాలం విద్యార్థులైతే ఆ ఇంటికి ఈ పన్ను లేదు. వాళ్లలో ఒకరి కోర్సు అయిపోతే చాలు, 25 శాతం తగ్గింపు పోను మిగతా బిల్లంతా ఆ ఒక్కరి పేరు మీద వచ్చి పడుతుంది. హైదరాబాద్‌లో ఆస్తిపన్ను యజమాని కడతాడు. అక్కడ సాధారణంగా ఇంట్లో ఉంటున్నవాళ్లు కడతారు, కిరాయిదారులైనా సరే. అంటే ఇల్లు ఎవరిది అనే ప్రశ్నకంటే ముందు, అందులో ఎవరు ఉంటున్నారు అనే ప్రశ్న అడిగే పన్ను ఇది. మరి ఎవరూ ఉండని ఇంటి సంగతేమిటి? ఏడాదిలో మూడు వారాలు సముద్రం చూడటానికి వచ్చి, మిగతా నలభై తొమ్మిది వారాలు తాళం వేసి ఉంచే ఇంటి సంగతేమిటి? గత పదేళ్లుగా వేల్స్, స్కాట్లండ్, ఇంగ్లండ్ స్థానిక సంస్థలు ఈ ప్రశ్న చుట్టూనే కొట్లాడుకుంటున్నాయి. కులం, ఇల్లు, ఊరు అనే మూడు మాటల మీద పనిచేసే మనలాంటివాళ్లు ఆ కొట్లాటను శ్రద్ధగా గమనించాలని నా అభిప్రాయం.

ఈ పన్ను పుట్టుకే ఒక తిరుగుబాటులోంచి జరిగింది. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం కోటీశ్వరుడికీ కూలివాడికీ తలకింత చొప్పున పోల్ ట్యాక్స్ వేసింది. జనం కట్టం పొమ్మన్నారు. 1990 మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ రణరంగమైంది. దాని స్థానంలో 1993లో వచ్చిందే కౌన్సిల్ ట్యాక్స్. తలలను వదిలి ఇళ్లను లెక్కపెట్టడం వరకు బాగానే ఉంది. కానీ ఆ లెక్కలో కూడా పెద్దింటివాళ్లకు చోటు చూపించారు. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ 1991 నాటి ధరల ప్రకారమే ఇళ్లను శ్రేణులుగా విభజిస్తారు. అన్నిటికంటే పై శ్రేణి ఇంటి పన్ను, అన్నిటికంటే కింది శ్రేణి ఇంటి పన్నుకు మూడు రెట్లు మాత్రమే. భవంతి విలువ పాతిక రెట్లున్నా పన్ను మూడు రెట్లే.

ఇందులో నన్ను బాగా ఆపిన వివరం ఇంకొకటి ఉంది. పన్ను మొదలైనప్పుడు, ఒంటరిగా బతికే మనిషికి బిల్లులో 25 శాతం తగ్గింపు ఇచ్చారు. ఎవరికీ ప్రధాన నివాసం కాని ఇంటికి, అంటే సెలవుల కోసం ఉంచుకున్న రెండో ఇంటికి, 50 శాతం తగ్గింపు ఇచ్చారు. భర్త పోయి ఒక్కతే మిగిలిన ముసలమ్మకు పావు వంతు, బీచ్ పక్కన కాటేజీ కొనుక్కున్న లండన్ లాయరుకు సగం. అక్కడి చెత్తబండి, బడి, లైబ్రరీ వాళ్లు పెద్దగా వాడుకోరు కదా అన్నది సమర్థన. వాడుకోకపోవడం వల్లనే ఆ బడి మూతపడుతుందన్న సంగతి ఆ లెక్కలో లేదు. ఇంగ్లండ్ కౌన్సిళ్లకు ఆ తగ్గింపును పది శాతానికి కుదించే వీలు 2004లో, పూర్తిగా ఎత్తేసే వీలు 2013లో వచ్చాయి. ఇరవై ఏళ్లపాటు రెండో ఇంటికి రాయితీ ఇచ్చిన రాజ్యమే ఇప్పుడు అదనపు పన్ను వేస్తోంది. కాబట్టి ‘మమ్మల్ని శిక్షిస్తున్నారు’ అని వాపోయే యజమానుల మాట వినేటప్పుడు ఆ ఇరవై ఏళ్లను కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఈ మలుపు వేల్స్‌లో మొదలైంది. 2014 నాటి గృహనిర్మాణ చట్టం ద్వారా, 2017 ఏప్రిల్ నుంచి అక్కడి కౌన్సిళ్లు రెండో ఇంటికి 100 శాతం దాకా అదనంగా వసూలు చేయవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 300 శాతం. 300 శాతం అదనం అంటే మొత్తం బిల్లు నాలుగింతలు. అంత దూరం ఎవరూ పోలేదు గానీ, వాయవ్య వేల్స్‌లోని గ్వినెద్ కౌన్సిల్ 2018లో 50, 2021లో 100, 2023లో 150 శాతానికి పెంచింది. స్కాట్లండ్ 2024 ఏప్రిల్ నుంచి, ఇంగ్లండ్ 2025 ఏప్రిల్ నుంచి 100 శాతం దాకా అనుమతించాయి. ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ మొదటి ఏడాదే ఆ వంద శాతాన్నీ వేసింది.

గ్వినెద్ గురించి కాస్త చెప్పాలి. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్ మొత్తంలో వెల్ష్ భాష మాట్లాడగలిగేవాళ్లు 17.8 శాతం. గ్వినెద్‌లో 64.4 శాతం. అంటే ఆ భాష ఇంకా బజారులో, బడిలో, పంచాయితీలో బతికున్న కొద్ది చోట్లలో అది ఒకటి. అదే ప్రాంతం కొండలకూ సముద్రానికీ పేరుమోసింది. డబ్బున్న ఇంగ్లండ్ నగరాల నుంచి వారాంతానికి కారులో వచ్చేయొచ్చు. చేపలు పట్టేవాళ్లు, గొర్రెల కాపరులు, హోటళ్లలో పనిచేసేవాళ్ల జీతాలతో ఆ ఇళ్ల ధరలకు పోటీ పడటం అసాధ్యం. పిల్లలు ఊరు విడిచారు. లీన్ ద్వీపకల్పంలోని అబెర్సోక్ ఊరి ప్రాథమిక బడి 2021 డిసెంబరులో మూతపడింది. వేసవిలో కిక్కిరిసే ఆ ఊళ్లో బడికి పిల్లలు కరువయ్యారు. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో, పక్కనే ఉన్న నెవిన్ పట్టణ కౌన్సిలర్లు సుమారు ముప్పై కిలోమీటర్లు నడిచి గ్వినెద్ కౌన్సిల్ ఉన్న కైర్నార్వన్‌కు చేరారు. మా ఊళ్లో మమ్మల్ని బతకనివ్వండి అన్నదే వాళ్ల డిమాండు.

దీని వెనక మరింత పాత కోపం కూడా ఉంది. లివర్‌పూల్ నగరానికి నీళ్లివ్వడానికి 1965లో కాపెల్ కెలిన్ అనే వెల్ష్ ఊరిని ముంచేశారు. పోలవరం ముంపు మండలాల గురించి తెలిసిన తెలుగువాళ్లకు ఆ కోపం ఎలా ఉంటుందో విడమర్చి చెప్పనక్కర్లేదు. 1979 చివర నుంచి పన్నెండేళ్లకు పైగా, మైబియోన్ గ్లిన్‌దూర్ అనే రహస్య బృందం వేల్స్‌లోని సెలవు ఇళ్లకు నిప్పు పెడుతూ వచ్చింది. దాన్ని నేను సమర్థించను. కానీ నిప్పు నుంచి పన్ను రసీదు దాకా వచ్చిన ఈ ప్రయాణాన్ని, ఒక ప్రజాస్వామ్యం తన తగవును చట్టంలోకి తెచ్చుకున్న పద్ధతిగా చదవొచ్చు. అరాచక పద్ధతులు వదిలి రాజ్యాంగ మార్గంలోనే పోరాడాలన్న బాబాసాహెబ్ 1949 నవంబరు 25 ప్రసంగం గుర్తున్నవాళ్లకు అది చిన్న విషయం కాదు.

ఇక పన్ను వేశారు కదా, సమస్య తీరిందా? తీరలేదు. చట్టం వచ్చిన రోజే దొడ్డిదారి కూడా తెరుచుకుంది. రెండో ఇంటిని ‘పర్యాటకులకు అద్దెకిచ్చే వ్యాపారం’గా నమోదు చేస్తే అది కౌన్సిల్ ట్యాక్స్ పరిధి దాటి వ్యాపార పన్నులోకి పోతుంది. అక్కడ చిన్న వ్యాపారాలకు పూర్తి మినహాయింపు ఉంది. కాబట్టి ఇటు కౌన్సిల్ ట్యాక్సూ లేదు, అటు వ్యాపార పన్నూ లేదు. ఆ దారిని మూయడానికి వేల్స్ ప్రభుత్వం 2023 ఏప్రిల్ నుంచి గట్టి నిబంధన పెట్టింది: ఏడాదిలో 252 రోజులు అద్దెకు అందుబాటులో ఉంచాలి, 182 రోజులు నిజంగా అద్దెకు పోవాలి. ఇంగ్లండ్‌లో అదే నిబంధన 140 రోజులు, 70 రోజులు. ఈ రెండు జతల అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏ ప్రభుత్వానికి ఎంత పట్టింపు ఉందో అర్థమవుతుంది. వేల్స్ 2022 అక్టోబరులో మరో అడుగు వేసి, ప్రణాళికా నిబంధనల్లో ప్రధాన నివాసం, రెండో ఇల్లు, స్వల్పకాలిక అద్దె ఇల్లు అని మూడు వేర్వేరు వర్గాలు ఏర్పరచింది. నాలుగు గోడలు అవే అయినా, వాడకాన్ని బట్టి చట్టం దృష్టిలో అవి మూడు వేర్వేరు వస్తువులు.

వ్యతిరేకించేవాళ్ల వాదనల్లో కొన్ని ఊరికే కొట్టిపారేసేవి కావు. సెలవు ఇళ్ల చుట్టూ వడ్రంగులు, ఇల్లు ఊడ్చేవాళ్లు, చిన్న హోటళ్లవాళ్లు బతుకుతున్నారు. 2012లో స్విట్జర్లాండ్ ప్రజలు స్వల్ప మెజారిటీతో, రెండో ఇళ్లు 20 శాతం దాటిన ఊళ్లలో కొత్తవి కట్టకుండా ఓటేశారు. ఆ తర్వాత కొండ ప్రాంతాల్లో స్థానికుల ఇళ్ల విలువలూ ఉపాధీ దెబ్బతిన్నాయని ఆర్థికవేత్తలు చూపించారు. వేల్స్‌లోనే పెంబ్రోక్‌షైర్ కౌన్సిల్ 2024లో 200 శాతం వేసి, మరుసటి ఏడాదికే 150కి దిగింది. తల్లి చనిపోయాక వచ్చిన ఇంటిని అమ్ముకోలేక, ఉండలేక సతమతమయ్యే కొడుకునూ, హాలిడే కాటేజీ కొన్న బ్యాంకరునూ ఒకే గాటన కట్టడం అన్యాయమే. అందుకే అమ్మకానికి పెట్టిన ఇళ్లకు, వారసత్వ వ్యవహారాలు నడుస్తున్న ఇళ్లకు కొంత గడువు ఇస్తున్నారు.

నా అసలు అభ్యంతరం ఇంకో వైపు నుంచి. బాగా డబ్బున్నవాడికి రెండింతల కౌన్సిల్ ట్యాక్స్ అంటే ఏడాదికి మరో రెండు మూడు వేల పౌండ్లు. లక్షల పౌండ్ల ఇంటికి అది పెద్ద భారమేమీ కాదు. కట్టేసి, ‘నా వంతు ఇచ్చాను’ అనే తృప్తితో మళ్లీ తాళం వేసి వెళ్లిపోతాడు. పన్ను అలా ఖాళీగా ఉంచుకునే హక్కుకు చెల్లించే రుసుముగా మారిపోతుంది. ఆ డబ్బు ఎటు పోతుందన్నది అందుకే కీలకం. గ్వినెద్ ఆ ఆదాయాన్ని తన గృహ కార్యాచరణ ప్రణాళికకు మళ్లిస్తోంది. ఇంగ్లండ్ చట్టం మాత్రం దాన్ని ఇళ్ల మీదే ఖర్చు పెట్టాలని ఎక్కడా అనలేదు. పైగా ఇళ్ల కొరతకు సెలవు ఇళ్లు ఒక్కటే కారణమూ కాదు. 1980లో థాచర్ ప్రభుత్వం కౌన్సిల్ ఇళ్లను అందులో ఉన్నవాళ్లకు చవకగా అమ్మేసే చట్టం చేసింది. ఆ అమ్మకాలను వేల్స్ ఆపింది 2019లో. మధ్యలో నలభై ఏళ్లు ప్రభుత్వ ఇళ్లు కరిగిపోతూనే ఉన్నాయి. కాటేజీ యజమానిని తిట్టడం సులువు, ప్రభుత్వాన్ని మళ్లీ ఇళ్లు కట్టమనడం కష్టం. రాజకీయ నాయకులు సులువైనదే ఎంచుకుంటారు.

ఇక్కడిదాకా ఏ వామపక్ష పరిశోధకుడైనా రాస్తాడు. అంబేద్కరైట్‌గా నన్ను గుచ్చే మాట వేరే ఉంది. అది ‘స్థానికులు’ అన్న మాట. ‘మా ఊరు మాకే’ అని వేల్స్ కౌన్సిలర్ అంటే నేను చప్పట్లు కొడతాను. అదే మాట గుంటూరు జిల్లాలోనో కరీంనగర్ జిల్లాలోనో వినిపిస్తే నాకు వెన్నులో చలి పుడుతుంది. ఎందుకంటే మన దగ్గర ఊరు అంటే వాడను బయట పెట్టాక మిగిలింది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామాన్ని ఆదర్శంగా చూపినవాళ్లతో తలపడి, గ్రామమే సంకుచితత్వానికీ అజ్ఞానానికీ మతోన్మాదానికీ నిలయమని చెప్పింది ఇందుకే. వెల్ష్ రైతు దళితుడు కాడు, లండన్ లాయరు బ్రాహ్మణుడు కాడు. ఆ పోలిక తెచ్చి అతికించే వ్యాసాలు నేను చదివాను, అవి రెండు సమాజాలనూ అర్థం చేసుకోలేదు.

అయినా నేను ఈ పన్నును సమర్థిస్తున్నాను. ఆ పన్ను నోటీసు ‘నువ్వు ఎవరికి పుట్టావు’ అని అడగదు. ‘నువ్వు ఇక్కడ ఉంటావా’ అని అడుగుతుంది. ఇంగ్లండ్ నుంచో కేరళ నుంచో వచ్చి గ్వినెద్‌లో కాపురం పెట్టిన నర్సుకు అదనపు పన్ను లేదు. అదే ఊళ్లో పుట్టి, లండన్‌లో స్థిరపడి, తాతల ఇంటిని సెలవులకు వాడుకునే అసలు సిసలు వెల్ష్ మనిషికి ఉంది. పుట్టుకను పక్కనపెట్టి నివాసాన్ని గుర్తించే చట్టం మనకు మిత్రుడు. మన నగరాల్లో ఇల్లు కావాలని వెళ్తే మొదటి ప్రశ్న ‘మీరేమిటోళ్లు?’ అన్నదే కదా. అదే మాటను ‘మాంసం తింటారా’ అని అడిగేవాళ్లు కాస్త మర్యాదస్తులు. సుఖదేవ్ థోరట్ బృందం దిల్లీ ప్రాంతంలో అద్దె ఇళ్ల మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం, అర్హతలన్నీ సమానంగా ఉన్నా పేరును బట్టి దళితులకూ ముస్లింలకూ తలుపులు మూసుకుంటాయని చూపింది.

1917లో కొలంబియా చదువుతో తిరిగొచ్చిన బాబాసాహెబ్‌కు బరోడాలో ఉద్యోగం ఉంది, జీతం ఉంది, ఇల్లు లేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో తలదాచుకుంటే, పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఇద్దరు మిత్రులను ఆశ్రయం అడిగితే, ఇద్దరూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నారు. చివరికి ఒక తోటలో కూర్చుని రైలు వేళ దాకా కాలం గడిపి బొంబాయి చేరాడు. నాలుగేళ్ల తర్వాత అదే మనిషి లండన్‌లో, కింగ్ హెన్రీస్ రోడ్డు పదో నంబరు ఇంట్లో, చదువుకునే కుర్రాడిగా ఉండగలిగాడు.

ఆ ఇంటికి ఇటీవల జరిగింది మనలో చాలామందికి సగమే తెలుసు. మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో దాన్ని కొని స్మారకంగా మార్చింది. అది కామ్డెన్ కౌన్సిల్ పరిధిలోని ఇల్లు. మ్యూజియంగా మార్చడానికి 2018లో కామ్డెన్ అనుమతి నిరాకరించింది, చెప్పిన ప్రధాన కారణం జనం నివసించే చోటు తగ్గిపోతుందని. విచారణ నడిచాక 2020 మార్చిలో కేంద్ర మంత్రి అనుమతి ఇచ్చాడు. అప్పట్లో మన సోషల్ మీడియా అంతా కామ్డెన్ మీద కులవివక్ష ముద్ర వేసింది. అనుమతి వచ్చినందుకు నాకు సంతోషమే, ఆ గదులను చూడాలని ఉంది. కానీ కామ్డెన్ లేవనెత్తిన అభ్యంతరం కూడా మనదే. లండన్‌లో ఒక ఇల్లు ఎవరికో నివాసంగా ఉండటం మానేస్తే, దాని ఖరీదు ఎవరో ఒక కిరాయిదారు కడతాడు. ఆ ప్రశ్నను మనం గౌరవించి జవాబిచ్చి ఉండాల్సింది.

ఇప్పుడు మన దేశం ఏం చేసిందో చూడండి. ఆదాయపన్ను చట్టం ప్రకారం 2019 దాకా సొంత నివాసంగా ఒక్క ఇంటికే మినహాయింపు ఉండేది. రెండో ఇల్లు ఖాళీగా ఉంచుకున్నా, కిరాయికి ఇస్తే ఎంత వచ్చేదో లెక్కగట్టి దాని మీద పన్ను వేసేవాళ్లు. 2019 ఫిబ్రవరి 1న మధ్యంతర బడ్జెట్లో పీయూష్ గోయల్ ఆ మినహాయింపును రెండు ఇళ్లకు పెంచాడు. అప్పటికీ ఉద్యోగమో వ్యాపారమో వేరే చోట ఉండటం వల్ల ఆ ఇంట్లో ఉండలేకపోతున్నానని చెప్పుకోవాల్సిన షరతు ఒకటి మిగిలింది. 2025 బడ్జెట్లో నిర్మలా సీతారామన్ ఆ షరతు కూడా తీసేశారు. ఇప్పుడు ఏ కారణమూ అక్కర్లేదు. బ్రిటన్ సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచిన ఆ కొద్ది సంవత్సరాల్లోనే ఇదంతా జరిగింది. మన పత్రికలు దీన్ని ‘మధ్యతరగతికి ఊరట’ అని రాశాయి.

అదే సమయంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద ఇల్లు కావాలంటే, దేశంలో ఎక్కడా తన కుటుంబానికి పక్కా ఇల్లు లేదని పేదవాడు చూపించుకోవాలి. లేనివాడు లేదని రుజువు చేసుకోవాలి, రెండు ఉన్నవాడు ఎందుకున్నాయో చెప్పనక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్లు కోటీ 11 లక్షలు. 2012లో కేంద్రం నియమించిన సాంకేతిక బృందం లెక్కగట్టిన పట్టణ గృహ కొరత కోటీ 87 లక్షల పైచిలుకు. అందులో 95 శాతానికి పైగా ఆర్థికంగా వెనుకబడిన, అల్పాదాయ వర్గాలవాళ్లదే. ఆ వర్గాల్లో ఎవరు ఎక్కువ ఉంటారో ఈ పాఠకులకు చెప్పక్కర్లేదు. ఖాళీ ఇళ్లన్నీ వాళ్లకు పంచేయొచ్చని కాదు, కోటి రూపాయల ఫ్లాటు వాడలో కుటుంబానికి దక్కదు. కానీ ఆ ఫ్లాటు కిందున్న నేల, దాని దాకా వేసిన రోడ్డు, మంచినీటి పైపు పన్నులు కట్టిన అందరివీ.

హైదరాబాద్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడ ఖాళీగా ఉన్న భవనానికి ఆస్తిపన్నులో సగం మాఫీ కోరుకోవచ్చు. ‘వేకెన్సీ రెమిషన్’ అని దరఖాస్తు పెట్టుకోవాలి. 1993లో బ్రిటన్ ఇచ్చి, తప్పని తెలుసుకుని వెనక్కి తీసుకున్న యాభై శాతం తగ్గింపు లాంటిదే ఇది. కిరాయిదారు దొరకని చిన్న యజమానికి అది న్యాయమే కావచ్చు. మూడేళ్లుగా తాళం తీయని విల్లాకు కూడా అది వర్తిస్తోందా? ఏ సర్కిల్‌లో ఎంతమంది ఎన్నేళ్లుగా తీసుకుంటున్నారు, మొత్తం ఎంత మాఫీ అయింది, అదే సర్కిల్‌లోని బస్తీ ఇళ్ల బకాయిల మీద ఎన్ని నోటీసులు వెళ్లాయి? వీటికి జవాబు రాబట్టడానికి సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు చాలు. అర్థశాస్త్రం, నగర అధ్యయనాల్లో పీహెచ్‌డీ అంశం వెతుక్కుంటున్న మిత్రులు ముందు ఆ దరఖాస్తు పెట్టండి. వార్డుల వారీగా అడగండి, లేకపోతే మొత్తం ఒకే అంకె పంపి చేతులు దులుపుకుంటారు.